కూత వినబడని ఊరు

శ్రీకాకుళము జిల్లాలోని ఒక పల్లె నుండి ఖరగ్‌పూరు రైల్వే కాలనీలోని బంధువుల ఇంటికి అతిథి యొకడు వచ్చెననుకొనుడు. మొదటి రాత్రి అతనికి నిద్ర పట్టదు. గడియకొక బండి వచ్చును, పోవును. గూడ్సు బండ్ల పెట్టెలు ఒకదానినొకటి గుద్దుకొనును. ఇంజను కూతకు కిటికీ రెక్కలు అదరును. తెల్లవారిన తరువాత అతడు గృహస్థుని చూచి, "బావా, రాత్రంతా బండ్లు పోతూనే ఉన్నాయి గదా, మీకు నిద్ర ఎట్లా పడుతుంది?" అని అడుగును. ముప్పది సంవత్సరములుగా ఆ ఇంట నివసించుచున్న గృహస్థుడు ఆశ్చర్యపడి, "ఏ బండ్లు?" అనును. అతడు పరిహాసమాడుట లేదు. అతని చెవులు చెడిపోలేదు. శబ్దము ప్రతి రాత్రియు అతని చెవిని చేరుచునే యున్నది గాని అతనిని చేరుట లేదు. నాలుగవ రాత్రికి అతిథియు సుఖముగా నిద్రించును.

ఇది ఆ ఊరికి కలిగిన లోపము కాదు. మానవ స్వభావమే అట్టిది. అయితే ఈ స్వభావము మంచము మీద నుండి లేచి ప్రార్థన గదిలోనికి వచ్చినప్పుడు, గంభీరమైన ప్రశ్న యొకటి పుట్టుచున్నది. ప్రతి ఉదయము పరిశుద్ధ గ్రంథము తెరచువాడు, ప్రతి ఆదివారము ప్రసంగము వినువాడు, కుటుంబ ప్రార్థనలో అధ్యాయము వెంబడి అధ్యాయము చదువువాడు, ఒకనాడు నిట్టూర్చి, "దేవుడు నాతో ఎన్నడును మాటలాడలేదు" అని చెప్పుచున్నాడు. దేవుడు నిజముగా మౌనముగా నున్నాడా? లేక ఆ ఇంటివానికి బండ్లు వినబడనట్లు ఈ విశ్వాసికి దేవుని మాట వినబడుట లేదా? రెండవదే నిజమైన పక్షమున, ఆ వినబడకపోవుట కేవలము బలహీనతయా, లేక దోషమా?

ఈ ప్రశ్నను విచారించుటకు ఖరగ్‌పూరు తగిన స్థలము. బెంగాల్ నాగపూరు రైల్వే సంస్థ నిర్మించిన జంక్షను చుట్టును ఆ పట్టణము పెరిగినది. 1902లో కటకము నుండి వాల్తేరు వరకు గల తూర్పు తీరపు మార్గము ఆ సంస్థ చేతిలోనికి వచ్చెను. 1904లో ఖరగ్‌పూరున గొప్ప వర్క్‌షాపు ఏర్పడెను. ఆ మార్గము వెంబడి ఉత్తర కోస్తా జిల్లాల నుండి తెలుగువారు వేలకొలది పని వెదకుకొనుచు వచ్చి, మధురాకటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ మొదలైన పేటలలో స్థిరపడిరి. ఆ స్టేషనులోని 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారము, 2013లో గోరఖ్‌పూరు దానిని మించువరకు, ప్రపంచములోకెల్ల పొడవైనదని పేరొందియుండెను. ఆ పట్టణపు తెలుగువారిని ప్రత్యేకముగా తలంచియే 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగును రాష్ట్రపు అధికార భాషలలో చేర్చుటకు నిర్ణయించెను. వర్క్‌షాపు సైరను, స్టేషను ప్రకటనలు, దేవాలయపు గంట, మసీదు బాంగు, చర్చి పాట, అయిదారు భాషల మాటలు కలిసిన ఊరు అది. అట్టి ఊరిలో ఒక స్వరమును తక్కిన స్వరముల నుండి వేరుపరచి వినుట నేర్చుకొననివాడు ఏ స్వరమును వినడు.

తెలుగు క్రైస్తవునికి ఆ వంగభూమితో మరియొక సంబంధము గలదు. బెంజమిన్ షుల్ట్జ్ 18వ శతాబ్దపు పూర్వార్ధములోనే లేఖనములను తెలుగు చేసెను గాని ఆ అనువాదము అచ్చునకు నోచుకొనలేదు. 1805లో లండను మిషనరీలైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయలను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో సువార్తలను తెనుగించుటకు పూనుకొనిరి. 1809లో క్రాన్ మరణించెను. మరుసటి యేడు డెస్ గ్రాంజెస్ కూడ మరణించెను. వారి శ్రమఫలమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో హుగ్లీ నది యొడ్డుననున్న సేరంపూరులో అచ్చయ్యెను. ఆ సంవత్సరమే మార్చి 11వ తేదీన సేరంపూరు అచ్చుకూటము అగ్నికి ఆహుతియై, అనేక భాషల అచ్చు అక్షరములును కాగితమును వ్రాతప్రతులును కాలిపోయెను. విలియం కేరీయు అతని జతపనివారును వెరవక అక్షరములను మరల పోతపోయించిరి; కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. ఇట్లు మరణమును అగ్నిని దాటి దేవుని వాక్యము వంగదేశము నుండి తెలుగుదేశమునకు వచ్చినది. నూరేండ్లు తిరుగకమునుపే తెలుగు కూలి యొకడు తన రేకు పెట్టెలో ఆ వాక్యమును పెట్టుకొని, పని కొరకు తిరిగి వంగదేశమునకు ప్రయాణమయ్యెను. అంత దూరము నడచి వచ్చిన మాట అతని మనుమల ఇంట అలమర మీద నిశ్శబ్దముగా నుండుటను తేలికగా తీసికొనదగునా?

దేవుని మాటను మనుష్యులు గమనింపకపోవుటకు మొదటి కారణము, ఆ మాట ఎట్లుండవలెనో వారు ముందుగానే నిర్ణయించుకొనుట. ఉరుమువలె, దర్శనమువలె, ఒళ్లు జలదరింపజేయు అనుభవమువలె ఉండవలెనని వారు ఎదురుచూతురు. కాని స్వరము గట్టిగా వచ్చినంత మాత్రమున దానిని గుర్తింతురన్న నమ్మకము లేఖనములలో లేదు. యోహాను సువార్త 12వ అధ్యాయములో ఆకాశము నుండి స్వరమే వచ్చెను. అచ్చట నిలిచిన జనులలో కొందరు ఉరిమెననిరి. ధనవంతుడు పాతాళము నుండి తన సహోదరులకొరకు అద్భుత సాక్షిని కోరినప్పుడు, మోషేయు ప్రవక్తలును వారికి చాలునను ఉత్తరము వచ్చెను. వ్రాయబడిన దానిని విననివాడు మృతుడు లేచి వచ్చినను నమ్మడని ప్రభువు స్పష్టముగా బోధించెను. కొరత శబ్దములో లేదు, వినువానిలో ఉన్నది.

రెండవ కారణము పరిచయము. "రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు" అను సామెత కఠినమైనదైనను నిజమైనది. ఏ మాట మొదటిసారి విన్నప్పుడు గుండెను చీల్చెనో, ఆ మాటయే వెయ్యవసారి వినునప్పటికి తాలాటు పాటయగును. యెహెజ్కేలు ప్రవక్త దినములలో జనులు ప్రవక్త యొద్దకు వచ్చుట మానలేదు. గుంపులుగా కూడి వచ్చి, యెదుట కూర్చుండి, మంచి గాయకుని పాట వినినట్లు విని వెళ్లిరి. ఆ మాటల చొప్పున చేయువాడు మాత్రము లేకపోయెను. ఆ 33వ అధ్యాయమును చదువు ప్రతి సంఘమును, బోధకుని మెచ్చుకొనుట వేరు, బోధను వినుట వేరు అని గ్రహింపవలసియున్నది.

ఖరగ్‌పూరులోనే దీనికి రాతితో కట్టిన దృష్టాంతమొకటి గలదు. హిజ్లీలోని నిర్బంధ శిబిరమున 1931 సెప్టెంబరు 16వ తేదీన నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇద్దరు యువకులు మరణించిరి. 1951లో ఆ భవనముననే దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమయ్యెను. ఆ భవనము నేటికిని నిలిచియున్నది. ఇప్పుడు దానిలో విజ్ఞాన ప్రదర్శనశాల యున్నది. దాని ప్రక్కగా ప్రతి దినము సైకిలు మీద పోవు విద్యార్థికి ఆ గోడలు ఏమియు చెప్పకపోవచ్చును. దూరము నుండి ఒక్కసారి చూడవచ్చినవాడు అచ్చట నిలిచి తల వంచును. రోజు చూచువాడు చెడ్డవాడు కాడు, అతడు ఆగుట మానుకొన్నాడు. అంతియే.

మూడవ కారణము పండితులకు ప్రత్యేకమైనది. లేఖనములను పరిశోధించువారు అందలి ప్రతి మాటను తూచి చూతురు. ఏ క్రియ ఏ కాలమునకు చెందినదో, ఏ పదమునకు ఏ అర్థమో నిర్ణయింతురు. ఈ శ్రమ లేనిదే తెలుగువాని చేతిలో బైబిలే లేదు గనుక దానిని తృణీకరింపరాదు. అయినను డేనిష్ తత్త్వవేత్త కీర్కెగార్డు 1851లో ప్రచురించిన ఆత్మపరీక్షా గ్రంథములో పండితులను కలవరపరచు ఉపమానమొకటి చెప్పెను. ప్రియురాలి యొద్ద నుండి ఒకనికి తెలియని భాషలో లేఖ వచ్చినది. అతడు నిఘంటువు ముందుంచుకొని కష్టపడి దానిని అనువదించును. అనువదించుట ఇంకను చదువుట కాదు, అది చదువుటకు సిద్ధపడుట మాత్రమే. ఆ లేఖలో ఆమె కోరిన పని యొకటి తేటగా అర్థమైనయెడల, తక్కిన వాక్యములలోని చిక్కులు విడిపోవువరకు అతడు వేచియుండునా? లేచి పోయి ఆ పని చేయును. బైబిలులో అర్థముకాని భాగములున్నవని చెప్పి, అర్థమైన భాగమునకు విధేయుడు కాకుండ తప్పించుకొను విద్వాంసుని ఆ ఉపమానము బట్టబయలు చేయుచున్నది. లేఖనములను పరిశోధించుచు, అవి ఎవనిగూర్చి సాక్ష్యమిచ్చుచున్నవో ఆయన యొద్దకు రానొల్లనివారిని యోహాను 5వ అధ్యాయములో ప్రభువు గద్దించెను. వారు అజ్ఞానులు కారు. ప్రతి అక్షరమును ఎరిగినవారు.

నాలుగవ కారణము అన్నిటికంటె సాధారణమైనది: మాటను ఇతరులకు పంపివేయుట. నాతాను చెప్పిన గొఱ్ఱెపిల్ల కథను దావీదు శ్రద్ధగానే విని, కోపోద్రేకముతో న్యాయమైన తీర్పే చెప్పెను. అతని న్యాయబుద్ధి చెడిపోలేదు. ఆ కథలోని మనుష్యుడు తానేనన్న సంగతి మాత్రము అతనికి తట్టలేదు. ఆదివారపు ప్రసంగము ముగిసిన తరువాత, "ఈ మాట ఫలానావారు వినియుంటే బాగుండును" అని తలంచువారందరు దావీదు కూర్చున్న ఆసనముననే కూర్చున్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావలెను. వినకపోవుట దోషమా? లేఖనములు దీనికి ఒకే మాటలో ఉత్తరమియ్యవు. బాలుడైన సమూయేలు దేవుని స్వరమును మూడు మారులు విని, మూడు మారులును ఏలీ పిలిచెననుకొనెను. అతనిని దేవుడు నిందింపలేదు, ఓపికతో నాలుగవసారి పిలిచెను. అతడు అప్పటికి యెహోవాను ఎరుగనివాడని ఆ గ్రంథమే కారణము చెప్పుచున్నది. యెహోయాకీము రాజు సంగతి వేరు. యిర్మీయా గ్రంథపుచుట్ట చదువబడుచుండగా, అతడు కొంత కొంత చాకుతో కోసి కుంపటిలో వేసెను. అతని చెవిని మాట చేరెను, అర్థమును తెలిసెను. దానినే అతడు కాల్చెను. ఈ ఇద్దరి నడుమ ఎందరో యున్నారు. యోషీయా కాలములో దేవుని మందిరముననే ధర్మశాస్త్రగ్రంథము తప్పిపోయి, మరమ్మతుల సమయమున హిల్కీయాకు దొరికెను. దానిని పారవేసినవాడెవడును లేడు, కాల్చినవాడును లేడు. ఆరాధన జరుగు చోటనే, యాజకుల చేతుల క్రిందనే, ఎవరును గమనింపకుండ అది కనుమరుగయ్యెను. క్రైస్తవ గృహములలో సమూయేలులు కొందరుందురు, యెహోయాకీములు అరుదుగా నుందురు. అయితే హిల్కీయా మందిరమువంటి ఇండ్లు అనేకములున్నవి.

ఈ మధ్యస్థుల బాధ్యతను నిర్ణయించుటకు రైల్వే ఉద్యోగమే ఒక కొలబద్దను ఇచ్చుచున్నది. రైలు పట్టాల ప్రక్క ఇంటిలో నిద్రించువాడు బండి శబ్దమును వినకపోయిన నేరము లేదు. అది దేవుడు అలసిన దేహమునకిచ్చిన కరుణ. అదే శబ్దమును, అదే గంటను, విధిలోనున్న స్టేషను మాస్టరో గేటుమనిషో వినకపోయినచో విచారణ జరుగును. ఇద్దరి చెవులును ఒకటే, ఇద్దరి అలవాటును ఒకటే. అయినను ఒకడు నిర్దోషి, మరియొకడు బాధ్యుడు. భేదమెక్కడనున్నది? ఒకడు ఆ చోట నివసించుచున్నాడు, మరియొకడు ఆ చోట నియమింపబడియున్నాడు. బాప్తిస్మము పొంది, గ్రంథమును చేతబట్టి, ప్రభువు నామమును ధరించినవాడు దేవుని వాక్యము ప్రక్కన నివసించువాడు మాత్రమే కాడు. దానిని వినుటకు నియమింపబడినవాడు. కనుక "అలవాటు పడిపోతిని" అను సమాధానము అతనికి చెల్లదు.

దీనికి న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. గమనము మనుష్యుని చేతిలోనున్నదా? "ఇప్పుడు శ్రద్ధగా విందును" అని తీర్మానించుకొన్న నిమిషమునకే మనస్సు బజారునకో బకాయిలకో పరుగెత్తును. చేతకాని దానికొరకు ఒకనిని నిందించుట ధర్మమా?

ఈ ఆక్షేపణను రైల్వే శాఖ ఎప్పుడో ఎదుర్కొన్నది. కంటికి ఎఱ్ఱ దీపము కనబడినను మనస్సునకు కనబడకపోవచ్చునని ఆ శాఖ ఎరుగును. అందుచేత డ్రైవరు మనోనిశ్చయమును మాత్రమే అది నమ్ముకొనలేదు. లోకో పైలటును అతని సహాయకుడును దారిలో వచ్చు ప్రతి సిగ్నలు రంగును ఒకరికొకరు బిగ్గరగా పలికి చెప్పుకొనవలెనని నియమము చేసెను. కంటితో చూచినది నోటితో పలుకబడి, తోటివాని చెవిని చేరినప్పుడే అది చూచినట్లు లెక్క. అట్లే స్టేషను మాస్టరు గేటుమనిషికి టెలిఫోనులో గేటు మూయమని చెప్పునప్పుడు, "సరే" అను మాటతో ఆ సంభాషణ ముగియదు. ప్రైవేటు నంబరను ఒక అంకెను ఇచ్చి పుచ్చుకొని పుస్తకములో వ్రాసికొందురు. అవతలివాడు నిజముగా విని, గ్రహించి, ఆ పనికి తాను బాధ్యుడనని ఒప్పుకొన్నాడనుటకు ఆ అంకె గుర్తు. పొగమంచు దట్టముగా కమ్మి సిగ్నలు కనబడని రాత్రులలో పట్టా మీద పేలుడు బిళ్లలనుంచుదురు; చక్రము క్రింద అవి పేలగానే డ్రైవరు మేలుకొని సిగ్నలు దగ్గరపడెనని తెలిసికొనును. బలహీనమైన గమనమునకు ఆసరాగా ఇన్ని ఏర్పాట్లు అవసరమైనవి. గమనము తనంతట తాను నిలువదు గాని దానికి ఊతకోలలు కట్టుట మనుష్యుని చేతిలోనున్నది. ఊతకోలలు కట్టనివాడే నిందార్హుడు.

సంఘమునకును ఇట్టి ఏర్పాట్లు ఇయ్యబడెను. ఇంట కూర్చుండినను త్రోవను నడచినను పండుకొనినను లేచినను ఆ మాటలనుగూర్చి పిల్లలతో మాటలాడవలెనని ద్వితీయోపదేశకాండము నియమించినది. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో లేవీయులు ధర్మశాస్త్రమును స్పష్టముగా చదివి, జనులకు అర్థము చెప్పిరి. అప్పుడు జనులు ఏడ్చిరి. రథములో కూర్చుండి యెషయాను చదువుచున్న ఐతియొపీయుని ఫిలిప్పు అడిగిన మొదటి ప్రశ్న, చదువునది అతనికి తెలియుచున్నదా అన్నదే. బిగ్గరగా చదువుట, నిదానముగా చదువుట, తోటివానిని అడుగుట, విన్నదానిని తిరిగి చెప్పుట, చివరకు ఆ దినమే చేయవలసిన పనిని గుర్తించుట: ఇవియే విశ్వాసి ప్రైవేటు నంబరు.

అయితే వినవలెనను ఆతురతలోనే మరియొక ప్రమాదము పొంచియున్నది. కొందరు నూతన సంవత్సరపు రాత్రి తీసిన వాగ్దానపు చీటీయే ఆ యేడాదికి దేవుని స్వరమనుకొందురు. మరికొందరు కన్నులు మూసికొని గ్రంథమును తెరచి, వ్రేలు పడిన వచనమునుబట్టి పెండ్లిసంబంధములు, ఉద్యోగములు నిర్ణయించుకొందురు. ఆ చీటీల పెట్టెలో ఆశీర్వాదములే యుండును గాని ఆజ్ఞలు సాధారణముగా నుండవు. అహాబు రాజునకు నాలుగు వందలమంది ప్రవక్తలు కోరిన మాటయే చెప్పిరి. అతడు ద్వేషించిన మీకాయా యొక్కడే దేవుని మాట చెప్పెను. తమ హృదయములో పుట్టిన దానిని దేవుని నోటి మాటగా పలుకువారిని యిర్మీయా 23వ అధ్యాయము తీవ్రముగా గద్దించుచున్నది. కాబట్టి పరీక్ష అవసరము. ఆ వచనము తన సందర్భములో ఏమి చెప్పుచున్నది? అది క్రీస్తును చూపుచున్నదా, లేక చదువరి కోరికను చూపుచున్నదా? సంఘములోని పెద్దల యెదుట దానిని నిర్భయముగా చెప్పవచ్చునా? ఎన్నడును తనను మందలింపని స్వరమును వినుచున్నవాడు తన స్వరమునే వినుచున్నాడేమో యని అనుమానించుట మేలు.

తెలుగు భాష ఈ విషయమున తన బిడ్డలకు పెద్ద సహాయము చేసియున్నది. "మా పిల్లవాడు మాట వినడు" అని తల్లి చెప్పినప్పుడు ఆ పిల్లవాడు చెవిటివాడని ఎవరును అనుకొనరు. తెలుగులో వినుటయనగా లోబడుటయే. హెబ్రీ భాషలో వినుటకు వాడు షెమా అను మాటకును ఈ రెండర్థములు కలవు. గ్రీకు భాషలో విధేయతకు వాడు పదము, వినుట అను పదము నుండియే పుట్టినది. కావున "దేవుడు నాతో మాటలాడుట లేదు" అను ఫిర్యాదును తెలుగువాడు సరిగా పరిశీలించుకొన్నయెడల, "నేను ఆయన మాట వినుట లేదు" అను ఒప్పుకోలుగా అది మారుటకు ఎక్కువ కాలము పట్టదు.

ఖరగ్‌పూరు కాలనీలో ఒక గృహమును ఊహించుకొనవచ్చును. అట్టి గృహములు ఏ ఊరిలోనైనను ఉండును. వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి యొకడు ఆ ఇంటి యజమానుడు. ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థన జరుగును. తండ్రి నుండి సంక్రమించిన తెలుగు బైబిలులో పాతనిబంధనకును క్రొత్తనిబంధనకును నడుమ ఒక పాత లేఖ మడచి పెట్టబడియున్నది. అది పల్లెలోనున్న తమ్ముడు వ్రాసినది. తండ్రి చనిపోయిన పిమ్మట ఎకరము పొలముకొరకు అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చినది. కొన్ని సంవత్సరములకు తమ్ముడు తన కుమార్తె పెండ్లికి రమ్మని వ్రాసెను. అన్న వెళ్లలేదు, ఉత్తరమియ్యలేదు. లేఖను పారవేయుటకు మనసొప్పక బైబిలులో ఉంచెను. ఆ లేఖ ఉన్న చోటికిని, బలిపీఠము నొద్ద అర్పణమును విడిచి ముందు సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు ఆజ్ఞాపించిన మత్తయి 5వ అధ్యాయమునకును నడుమ కొలది పుటలే. ఇరువది సంవత్సరములుగా అతడు ఆ లేఖను ప్రక్కకు జరిపి ఆ అధ్యాయమును చదివెను. ప్రతిసారియు చక్కగా, తప్పు లేకుండ చదివెను.

అతని మనుమరాలికి పది సంవత్సరములు. ఆమె ఇంట తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బడిలో ఇంగ్లీషు మాటలాడును. తెలుగు అక్షరములు ఇప్పుడిప్పుడే నేర్చుకొనుచున్నది. ఒక రాత్రి తాతగారి కన్నులు అలసియుండగా, చదువు వంతు ఆమెకు వచ్చినది. ఆమె వ్రేలు పెట్టి, ఒత్తులు కూడబలుకుకొనుచు, పదమునకు పదము నిలిచి చదివెను. పెద్దవారు చదువునప్పుడు అర నిమిషములో దాటిపోవు వచనము ఆమె నోట మూడు నిమిషములు పట్టెను. సహోదరుడు అను మాట వద్ద ఆమె ఆగి, "తాతయ్యా, సహోదరుడంటే ఏమిటి?" అని అడిగెను.

"తమ్ముడమ్మా. అన్నైనా, తమ్ముడైనా."

ఆమె తల యెత్తి, "నీకు తమ్ముడున్నాడా తాతయ్యా?" అని అడిగెను.

ఆ గదిలో ఉరుము రాలేదు. దర్శనము కలుగలేదు. బైట ఎప్పటివలెనే బండి యొకటి పోయెను. తన ఇంట పుట్టి పెరిగిన బిడ్డకు తనకొక తమ్ముడున్నాడని తెలియదన్న సంగతి ఆ వృద్ధునికి ఆ క్షణమున తెలిసెను. ఇరువది సంవత్సరములు అతని కన్నుల యెదుట నిలిచిన వచనము అప్పుడు మొదటిసారి అతనిని పేరు పెట్టి పిలిచెను. వచనములో ఒక అక్షరమైనను మారలేదు. అతడు, "ఉన్నాడమ్మా" అనెను. తరువాత చాలసేపటికి ఆ లేఖను మడత విప్పి, చిరునామా చూచెను.

ఆ తమ్ముడు ఏమి ఉత్తరమిచ్చునో ఈ కథ చెప్పనవసరము లేదు. సమాధానపడుటకు పోవుట అన్నకు ఇయ్యబడిన ఆజ్ఞ. దానిని అంగీకరించుట తమ్ముని చేతిలో, దేవుని చేతిలో ఉన్నది. ఇచ్చట చూడదగిన దొకటే. దేవుడు ఇరువది సంవత్సరముల తరువాత మాటలాడలేదు. ఇరువది సంవత్సరములు మాటలాడుచునే యుండెను. అన్ని సంవత్సరములు మౌనముగా నుండినవాడు ఆ అన్నయే.

ఆయన ఓపిక గొప్పది. సమూయేలును నాలుగవసారియు పిలిచినవాడు ఆయనయే. అయినను ఆ ఓపికను సమయమునకు అంతము లేదనుటగా ఎంచరాదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక ఆయన స్వరమును వినుటకు నేడు అను ఒక్క దినమునే నియమించుచున్నది. రేపు అను దినము దానిలో లేదు. తమ్ములు వృద్ధులగుచున్నారు; లేఖల మడతలు చినుగుచున్నవి; పిల్లలు అక్షరములు నేర్వకయే పెద్దవారగుచున్నారు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో గ్రంథము తెరచునప్పుడు, ఆ ఇంటిలో అందరికంటె నిదానముగా చదువువానికి దానిని అందించి, అతడు ఆగిన చోట తామును ఆగుట విశ్వాసులకు మేలు. అచ్చట అడుగబడు ప్రశ్న పిల్లవాని నోట వచ్చినను, అది ఎవరి ప్రశ్నయో ఆ ఇంటి పెద్ద గుర్తింపవచ్చును.